కినుకో దాచిన కానుకలు

హిమి
సెప్టెంబరు మధ్య

చెల్లెమ్మా హత్సుయో,

మా కోడలు మరుగుదొడ్డిలో చెప్పులు మార్చేసింది. పాతవి నా కాళ్ళకి అలవాటైపోయినవి, ఇంకా నిక్షేపంగా ఉన్నవి. వాటి బదులు పచ్చరంగువి తెచ్చి పెట్టింది. కప్ప ముఖాలు. ఒక్కో చెప్పుకీ ముందువైపు ఉబ్బుకొచ్చిన రెండు కళ్ళు. పొద్దున్నే వెళ్ళి కూర్చుంటానా, నాలుగు కళ్ళూ కింద నుంచి నన్నే చూస్తుంటాయి. వచ్చిన పని కూడా వెనక్కిపోతోంది. అడిగితే "పిల్లలు ముచ్చటపడ్డారు మామయ్యా" అంటుంది. పిల్లలంటే ఎవరనుకున్నావు, నా మనవరాలు ఒక్కతే, అది కాలేజీలో చదువుతోంది. "తాతా, కప్పకి నువ్వు నచ్చావు, అందుకే చూస్తోంది" అంటుంది. దీనికి నా నోరు వచ్చింది, ఏం చేస్తాం.

సరే, అసలు సంగతి. మొన్న నీ తోటికోడలు కినుకో ఫోన్ చేసింది. "తోకుజిరో గారూ, ఆరోగ్యం ఎలా ఉంది" అని తేనె పూసి మొదలుపెట్టింది. ఆవిడ నాకు గారు తగిలించిందంటే ఏదో ఉందని అప్పుడే అనుకున్నా. మీ ఆయన పోయినప్పుడు నన్ను చెప్పుల అర పక్కన కూర్చోబెట్టింది ఆవిడేగా. వచ్చినవాళ్ళందరి చెప్పుల వాసనా పీల్చుకుంటూ మంత్రాలు విన్నాను. "వలలు కుట్టుకునేవాళ్ళకి ఎక్కడైనా అలవాటేలెండి" అని పక్కావిడతో అనడం కూడా విన్నాను. నా చెవులు ముసలివే కానీ, అలాంటివి మాత్రం శుభ్రంగా వినిపిస్తాయి. ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోను కూడా.

ఇప్పుడేమో "హత్సుయో ఇల్లు చూసుకోలేకపోతోందండీ, అన్నగారు కదా, వృద్ధాశ్రమానికి వెళ్ళమని మీరైనా నచ్చజెప్పండి" అంటోంది. ఏ ఆశ్రమం, ఏం కథ? నాకేమో నువ్వు ఏడాదిగా రావద్దంటున్నావు. ఒకసారి స్నానాల తొట్టి పగిలిందన్నావు. ఒకసారి జలుబన్నావు. ఒకసారి పక్కింటి పిల్లి ఈనిందన్నావు. పిల్లి ఈనితే నేనెందుకు రాకూడదే, పురుడు నేను పొయ్యాలా?

ఉన్నది ఉన్నట్టు రాయి. ఫోన్‌లో వద్దు. ఫోన్ పక్కనే మా కోడలు ముల్లంగి తరుగుతూ చెవి ఇటే పడేస్తుంది.

మీ అన్న
తోకుజిరో


గిఫు
సెప్టెంబరు ఆఖరు

అన్నయ్యా,

ఉత్తరం అందింది. కోడల్ని ఏమీ అనకు.

కినుకో అక్క చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఇల్లు నిండిపోయింది. ముందుగదిలో అడుగు పెట్టే చోటు లేదు. పడకగది తలుపు సగం దాకానే జరుగుతుంది, వెనకాల పెట్టెలు అడ్డం. పరుపు పరిచే జాగా లేక వంటింట్లో, పొయ్యికీ గోడకీ మధ్య, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటున్నాను. పూజ అర ముందు కూడా పెట్టెలే. పొద్దున్నే అందులో మా ఆయన ఫొటోకి అన్నం పెట్టాలంటే సందులోంచి చెయ్యి దూర్చాలి. ఫొటోలో సగం ముఖమే కనిపిస్తుంది. ఎడమ కన్ను, సగం ముక్కు.

రోజూ ఈరోజు మొదలుపెట్టేద్దాం అనుకుంటాను. తలగుడ్డ కట్టుకుంటాను. గుమ్మంలో నిలబడి చూస్తాను. దేన్ని ముందు ముట్టుకోవాలో తెలీదు. ఒకటి తీస్తే దాన్ని పెట్టడానికి చోటుండదు. కాసేపటికి అక్కడే కూలబడతాను. టీ చల్లారిపోతుంది. పొద్దు వాలుతుంది. తలగుడ్డ విప్పేస్తాను.

ఆగస్టులో కినుకో అక్క వాళ్ళాయన, మినోరు బావగారు వచ్చారు. గుమ్మం దాటి లోపలికి రాలేకపోయారు. ఇల్లు ఆయన పేరు మీదే కదా. మామగారు పెద్దకొడుక్కి రాసి, మమ్మల్ని ఉండనిచ్చారు. బావగారు అన్నారు, "నవంబరులో తమ్ముడి సంవత్సరీకం ఈ ఇంట్లోనే చెయ్యి. మంత్రాలు చదివే గురువుగారూ చుట్టాలూ వచ్చి కూర్చోగలిగితే నువ్వు బతికున్నంతకాలం ఇక్కడే ఉండు. లేదంటే ఆశ్రమానికి వెళ్ళిపో. నిప్పు అంటుకుంటే ఇందులోంచి నిన్ను బయటికి లాగేదెవరు?" కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

ఆ ఆశ్రమం చూసొచ్చాను. గదిలో పూజ అర పెట్టుకోకూడదట. అగరొత్తులు వెలిగించకూడదట. మరి ఈయన్ని ఎక్కడ పెట్టను?

నువ్వు రావద్దు. వచ్చినా కూర్చోబెట్టడానికి చోటు లేదు, చెప్పుల అర పక్కన కూడా.

హత్సుయో


హిమి
అక్టోబరు మొదట్లో

చెల్లెమ్మా,

నీ ఉత్తరం చదివి, ఆ పూట అన్నం సయించలేదు. మా కోడలు భయపడి పాత చెప్పులు మళ్ళీ తెచ్చి పెట్టింది. నేనేమో కప్పల మీద అలిగాననుకుంది. అనుకోనీ.

ఇప్పుడు నేను చెప్పేది విను. నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి, నాకు తెలిసిందల్లా వలలు. పడవలోంచి చిక్కుపడ్డ వల దింపితే ఎంత ఉంటుందనుకున్నావు, నీ ముందుగదంత. పనిలో చేరిన రోజు మా మేస్త్రీ నన్ను దాని ముందు కూర్చోబెడితే ఏడ్చేశాను. ఆయన నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, పెద్ద గోనెపట్టా తెచ్చి వల మొత్తం కప్పేశాడు. ఒక్క మూల మాత్రం బయట ఉంచాడు. "ఇదిగో, ఇదే నీ వల. మిగతాది నీది కాదు" అన్నాడు. ఆ మూల విప్పాక పట్టా ఇంకో జానెడు వెనక్కి లాగాడు. అంతే. నేను చచ్చేదాకా అలాగే విప్పుతాను.

నీ దగ్గర దుప్పట్లున్నాయిగా. పెట్టెలన్నిటి మీదా కప్పెయ్. చెప్పులు విప్పే చోటు ఒక్కటి బయట ఉంచు. అదే నీ ఇల్లు. అది అయ్యేదాకా దుప్పటి ఎత్తి చూశావంటే నీ వేళ్ళు విరుస్తాను. అది అయ్యాక పూజ అర. మూడోది ఏంటో నన్ను అడుగు, ఇప్పుడే చెప్పను.

ఇంకో మాట. మీ ఆయన తమోత్సుకి ఉన్నవి రెండు చొక్కాలు, ఒక గాలం. నువ్వా, చిన్నప్పుడు పెన్సిల్ గోరంత అయ్యేదాకా రాసినదానివి. పారేసే అలవాటు నీకు లేదు, ఒప్పుకుంటాను. కొనే అలవాటు మాత్రం ఎప్పుడుంది? మరి ఆ పెట్టెలన్నీ ఎవరివే?

తోకుజిరో


గిఫు
అక్టోబరు మధ్య

అన్నయ్యా,

దుప్పట్లు కప్పాను. మొదటిరోజు శవాల మధ్య కూర్చున్నట్టుంది. రెండోరోజుకి అలవాటైంది. చెప్పులు విప్పే చోటు ఖాళీ అయింది. తుడిచాను. కింద నల్లరాతి పలక ఉందని నేనే మర్చిపోయాను. తడిగుడ్డ పెడితే నిగనిగలాడింది. నా చెప్పులు ఒక్క జత దాని మీద పెట్టి, లోపలికీ బయటికీ ఊరికే తిరిగాను. నవ్వుకో.

ఒక సంచీ తిరిగొచ్చింది. ఈ నెల చెత్త చోటు చూసుకునే వంతు ఎదురింటి ఒచియాయి గారిది. సంచీల మీద పేర్లుంటాయి కదా, విరిగిన గొడుగు ఊచలు కాల్చే చెత్తలో వేశానని ఎర్ర కాగితం అంటించి తెచ్చి గుమ్మంలో పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం లోపలికి తొంగిచూసి, "హత్సుయో గారూ, ఈ గొడుగు మీది కాదు కదా. మీరు ఎప్పుడూ నీలం గొడుగే వేసుకుంటారు" అంది.

నువ్వూ అదే అడిగావు. చెప్తాను.

నావి కావు. కినుకో అక్కవి. వాళ్ళు నగోయాలో కొత్తిల్లు కట్టుకున్నప్పుడు "ఇల్లు పూర్తయ్యేదాకా" అని ఒక బండెడు దించింది. ఇల్లు పూర్తయింది. ఆవిడ ఒక్కటీ పట్టుకెళ్ళలేదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా చేతిలో ఒక పెట్టె. "మీ ఇంట్లో చోటుంది కదా హత్సుయో." ఈయన ఉన్నప్పుడు "వదిన కదా, పోనీలే" అనేవారు. ఈయన పోయాక రావడం ఇంకా ఎక్కువైంది. "పారెయ్యకు సుమా, అన్నీ ఖరీదైనవి" అని చెప్పి వెళ్ళేది.

ఆవిడ ఇల్లు నువ్వు చూడలేదు. గదిలో ఒక పూలకుండీ, ఒక బల్ల. అద్దంలా ఉంటుంది. ఎందుకుండదు.

పూజ అర ముందు పెట్టెలు నిన్న జరిపాను. ఆయన ముఖం పూర్తిగా కనిపించింది. కుడి చెంప మీద పుట్టుమచ్చ ఉండేది. అదీ మర్చిపోయాను నేను. కూర్చుని చాలాసేపు ఆయన్ని తిట్టాను. వదిన కదా, పోనీలే అట.

హత్సుయో


హిమి
ఆ వారమే

ఒసే హత్సుయో,

నీ ఉత్తరం గట్టిగా చదివాను. మా కోడలు కత్తి పక్కన పెట్టి వింది. మనవరాలు చదువు పక్కన పెట్టి వింది. ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురం కినుకో మీద పళ్ళు నూరుతున్నాం. కోడలికీ నాకూ ఒక విషయంలో మాట కలవడం ఇదే మొదటిసారి.

ఆవిడ చెత్త నీ నెత్తిన పోసి, నిన్నే చెత్తమనిషి అని ఊరంతా చాటి, నీ ఇంట్లోంచి నిన్నే గెంటిస్తుందా? నేను బతికుండగా?

నా దగ్గర కొన్ని ఉపాయాలున్నాయి. అన్నీ పెట్టెల్లో కట్టి, పుచ్చుకునేవాళ్ళే కూలి చెల్లించేలా ఆవిడ ఇంటికి పంపించెయ్. లేకపోతే రేవులో నాకు తెలిసినవాళ్ళున్నారు, ఒక బుట్టెడు చేప తలలు ఆవిడ ఖరీదైన సామాన్ల మధ్య పెట్టి పంపుదాం, ఆ అద్దంలాంటి ఇల్లు ఏడాదిపాటు కంపు కొడుతుంది. మనవరాలు అంటుంది, అన్నీ ఆవిడ గుమ్మం ముందు పోసి బెల్లు కొట్టి పారిపోదాం అని. చెప్పాగా, దానికి నా నోరే కాదు, బుర్ర కూడా నాదే వచ్చింది.

నీకు ఏది నచ్చితే అది. నేను సిద్ధం. నడుం నొప్పి కూడా తగ్గిపోయింది. కోపం ఇంత మంచి మందని డాక్టరు ఎప్పుడూ చెప్పలేదు.

మూడో చోటు అడగలేదు నువ్వు. పడకగది. కాళ్ళు బారజాపి పడుకో ముందు. వంటింట్లో పడుకుని యుద్ధం చెయ్యలేవు.

తోకుజిరో


గిఫు
అక్టోబరు ఆఖరు

అన్నయ్యా,

నీ చేప తలలు నీ దగ్గరే ఉంచుకో, చారు కాచుకో. పెట్టెలు పంపిస్తే ఆవిడ గుమ్మంలోంచే తిప్పి పంపుతుంది. పైగా "చూశారా, మతి కూడా చెడింది" అంటుంది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నాకూ ఈ మధ్యనే తెలిసింది. ఒచియాయి గారు చెప్పాలా వద్దా అని రెండు వారాలు నలిగి చెప్పింది. కినుకో అక్క నగోయాలో ఆడవాళ్ళ సంఘంలో ఇల్లు సర్దుకోవడం గురించి పాఠాలు చెప్తుంది కదా. ఒచియాయి గారి చెల్లెలు ఆ పాఠాలకి వెళ్తుందట. అక్కడ తెర మీద ఒక ఫొటో వేసి చూపించిందట. "ఇది మా తోటికోడలి ఇల్లు. మనసు చెత్తగా ఉంటే ఇల్లు ఇలా ఉంటుంది" అని. అందరూ నవ్వారట. ఫొటోలో పెట్టెల వెనక పూజ అర కనిపించింది, అందులో ఈయన సగం ముఖం కనిపించింది. ఆ చెల్లెలు ఈయన్ని గుర్తుపట్టింది.

నా ఇంటిని చూసి నవ్వితే నవ్వారు. ఈయన్ని ఎందుకు పెట్టాలి ఆ తెర మీద?

ఆరోజు నుంచి నాకు అలసట రావడం లేదు. పడకగది అయిపోయింది. చినిగినవీ, బూజు పట్టినవీ రోజు తప్పకుండా చెత్త చోటుకి మోసుకెళ్తున్నాను. ఒచియాయి గారు సంచీలు తనే సర్దిపెడుతోంది, ఎర్ర కాగితాలు లేవు. మొదట బావగారికి ఫోన్ చేసి అడిగాను, మీ సామాన్లు పారెయ్యనా అని. "మావా? మావి అక్కడేం ఉన్నాయి? ఉంటే పారెయ్, ఎవరికైనా ఇచ్చెయ్" అన్నారు. ఆయనకి తెలియనే తెలియదు. ఆవిడ చెప్పలేదు. అన్నీ నావే అని చెప్పింది.

ఇప్పుడు మిగిలినవి కానుకల పెట్టెలు. ముందుగది నిండా అవే. పెళ్ళిళ్ళకీ, సంవత్సరీకాలకీ వెళ్ళినప్పుడల్లా ఆ ఇంటివాళ్ళు కినుకో అక్కకి తిరుగు కానుకగా ఇచ్చినవి. పళ్ళేలు, తువ్వాళ్ళు, టీ డబ్బాలు, సబ్బులు. ముడి కూడా విప్పలేదు. పైన కట్టిన తెల్ల కాగితం పట్టీల మీద ఇచ్చినవాళ్ళ ఇంటిపేర్లు అలాగే ఉన్నాయి. ఈయన మేనత్త సదాయె గారు మనవరాలి పెళ్ళికి ఇచ్చిన నీలం పళ్ళేలు ఉన్నాయి. నాకూ అవే ఇచ్చారు. నావి రోజూ తిని తిని అంచులు అరిగాయి. కినుకో అక్క మాత్రం సదాయె అత్తయ్య కనిపించినప్పుడల్లా "మీ పళ్ళేల్లో తింటే అన్నానికి రుచే వేరు" అంటుంది. నేను పక్కనే ఉండి విన్నాను.

సంవత్సరీకానికి వచ్చినవాళ్ళకి ఇంటికి పట్టుకెళ్ళడానికి మనం తిరుగు కానుక ఇవ్వాలి కదా. ఇంటికొక సంచీ. వద్దనకూడదు. అక్కడ విప్పి చూడకూడదు. ఈసారి నేను కొత్తవి ఏమీ కొనడం లేదు. ఎవరిచ్చింది వాళ్ళకే, వాళ్ళ పేరు పట్టీతో సహా, పైన ఒక కాగితం చుట్టి ఇస్తాను. ఒకళ్ళే ఇచ్చినవి ఎక్కువుంటే అన్నీ కలిపి. కినుకో అక్క పుట్టింటివాళ్ళు కూడా వస్తున్నారు.

నువ్వు ఒకరోజు ముందు రా. ముళ్ళు వెయ్యడం నీకొచ్చినట్టు నాకు రాదు. పడుకోవడానికి చోటుంది.

హత్సుయో


హిమి
నవంబరు మొదట్లో

చెల్లెమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాక. రెండోసారి అర్థమయ్యి ఒళ్ళు జలదరించి. చిన్నప్పుడు నీ చింతకాయంత జడ పట్టుకుని లాగేవాణ్ణి. తప్పయిపోయింది, ఎక్కడైనా రాసి పెట్టుకున్నావేమో కొట్టెయ్.

నా చేప తలలకి నీ కాగితం పట్టీల ముందు వాసనే లేదు. మా కోడలు విని "అత్త అంటే ఇలా ఉండాలి మామయ్యా" అంది. నన్ను చూసి ఆ మాట ఒక్కసారైనా అందా?

ఒకటి చెప్తాను, కోపగించుకోకు. సదాయె గారు పెద్దావిడ. తన పళ్ళేలు తనకే తిరిగొస్తే, నువ్వు తిప్పికొట్టావనుకుని బాధపడితే? బాణం కినుకోకి తగలాలి, ముసలావిడకి కాదు. దీనికేదైనా ఆలోచించు.

వస్తున్నాను. బస్సులో నా పక్కన మాత్రం సంచీలు పెట్టనివ్వను, ఇప్పుడు సంచీ అంటేనే భయంగా ఉంది.

తోకుజిరో


గిఫు
నవంబరు ఆఖరు

అన్నయ్యా,

నువ్వు మంత్రాలు అయిపోగానే బస్సు అని పరిగెత్తావు. భోజనం చెయ్యలేదు, అసలైంది చూడలేదు. చూసుంటే ఆపుకోలేక నవ్వేవాడివి, అందుకే వెళ్ళడం మంచిదైంది.

వాళ్ళు లోపలికి రావడం నువ్వు చూశావు. కినుకో అక్క గుమ్మంలో ఆగి, చెప్పులు విప్పడం మర్చిపోయి ఆ నల్లరాతి పలక వైపు చూస్తూ నిలబడింది కదా. లోపల కూర్చున్నాక ఆవిడ కళ్ళు మూలమూలకీ తిరిగాయి. గోడ బీరువా తలుపు కూడా "గాలికి తెరుచుకుందేమో" అని తనే జరిపి చూసింది. లోపల ఒక పరుపు, రెండు దుప్పట్లు.

నువ్వెళ్ళాక బావగారు కూర్చున్నచోటే ఉండిపోయారు. చాప మీద అరచేత్తో నిమిరారు. "తమ్ముడు ఇక్కడ పడుకుని కిటికీలోంచి కాళ్ళు బయటపెట్టేవాడు. అమ్మ తిట్టేది" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, అందరూ వినేలాగే, "ఇక్కడే ఉండు హత్సుయో. మళ్ళీ ఈ మాట ఎత్తను" అన్నారు. నేను చాపకి నుదురు ఆనించాను. లేవడానికి కాసేపు పట్టింది.

కినుకో అక్క ఊరుకోలేదు. "ఈ ఒక్కరోజుకి సర్దింది సరే, వచ్చే ఏడు?" అంది. అప్పుడిక నాకు సందేహం లేకపోయింది. అప్పటిదాకా, నిజం చెప్తున్నా, సంచీలు మార్చేద్దామా అని కొంచెం ఉంది.

భోజనాల ముందు ఇంటివాళ్ళు నాలుగు మాటలు చెప్పాలి కదా. నువ్వు సదాయె అత్తయ్య గురించి రాసిన దగ్గర్నుంచీ ఆ మాటల గురించే ఆలోచించాను. చెప్పాను. "ఈరోజు మీకు ఇవ్వబోయే కానుకలు నేను కొన్నవి కావు. అన్నీ కినుకో అక్కవి. ఎన్నో ఏళ్ళుగా ఒక్కటి కూడా విప్పకుండా, ఎంతో జాగ్రత్తగా మా ఇంట్లో దాచిపెట్టింది. మీ చేతికే చేరాలని ఈరోజు ఇస్తున్నాను. కృతజ్ఞతలు చెప్పాల్సింది ఆవిడకే."

అందరూ ఆవిడ వైపు తిరిగి వంగారు. ఆవిడకి అర్థం కాలేదు. తనకి గౌరవం జరుగుతోందని మాత్రం అర్థమైంది. వెంటనే చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వంగి, "అబ్బే, ఎంతమాట, చిన్నవే, ఏమీ అనుకోకుండా తీసుకోండి" అంది. తన నోటితో అంది అన్నయ్యా. నేను చారుగిన్నె మూతతో ముఖం కప్పుకున్నాను. బావగారు మాత్రం ఆవిడ వైపు చూస్తూ, "ఈ ఇంట్లో దాచావా? ఏం దాచావు?" అని మెల్లిగా అడిగారు. ఆవిడ వినిపించనట్టు ముల్లంగి ముక్క కొరికింది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఇంటికొక సంచీ ఇచ్చాను. నువ్వు వేసిన ముళ్ళు చూసి సదాయె అత్తయ్య "విప్పడానికి మనసొప్పదే" అంది. కినుకో అక్క తన సంచీ ఎత్తి, బరువు చూసి, పక్కవాళ్ళ సంచీల వైపు ఒక చూపు చూసింది. పెద్దింటివాళ్ళమని తమకే పెద్దది ఇచ్చానని మురిసిపోయింది. బావగారు పట్టుకుంటానంటే ఇవ్వలేదు.

ఆ సాయంత్రం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. నాకు కాదు, ఆవిడకి. సదాయె అత్తయ్య నాకు తర్వాత చెప్పింది. తన నీలం పళ్ళేలు ముందు పెట్టుకుని ఫోన్ చేసి, "కినుకో, నా పళ్ళేల్లో అన్నం అంత రుచిగా ఉంటుందన్నావు. మూత తియ్యకుండా ఎలా తిన్నావమ్మా?" అని అడిగిందట. ఆవిడ పుట్టింటి అన్నయ్యకి, వాళ్ళ నాన్న సంవత్సరీకానికి ఆయనిచ్చిన తువ్వాళ్ళు తిరిగొచ్చాయి. ఆయన ఫోన్ కూడా చెయ్యలేదట. అది ఇంకా పెద్ద దెబ్బ. బావగారి పినతండ్రి ఇంటికి అయితే నాలుగు పెళ్ళిళ్ళవి ఒకే సంచీలో వెళ్ళాయి.

మర్నాడు నాకు ఫోన్ చేసింది. "నా పరువు తీశావు" అంది. "మీరే కదా అక్కా వాళ్ళతో ఏమీ అనుకోకుండా తీసుకోమన్నది" అన్నాను. అప్పుడు అడిగాను, ఫొటో గురించి. ఈయన సగం ముఖం గురించి. "ఆ తెర మీద ఇప్పుడు మా ముందుగది ఫొటో వెయ్యండి. పంపిస్తాను" అన్నాను. పెట్టేసింది. ఒచియాయి గారి చెల్లెలు చెప్పింది, ఈ నెల పాఠాలు లేవట, టీచరుకి ఒంట్లో బాలేదట.

పాపం అనిపించిందా అని అడుగుతావేమో. అనిపించలేదు. రెండుమూడుసార్లు వెతికి చూసుకున్నాను కూడా.

ఒకటే వింతగా ఉంది. అంత తిట్టింది కదా, తన సంచీ గురించి ఒక్క మాట కూడా అనలేదు. దాన్లో సబ్బుల పెట్టె పెట్టమని నీకు చెప్పాను. అదీ వాళ్ళకెవరో ఇచ్చిందే. దానికి మాత్రం ఏమీ అనలేదు. ఎందుకో తెలీదు.

ముందుగది మధ్యలో కాళ్ళు చాపుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండు కాళ్ళూ, పూర్తిగా. ఈయన చూస్తున్నారు, రెండు కళ్ళతో.

హత్సుయో


హిమి
డిసెంబరు

చెల్లెమ్మా,

నీ ఉత్తరం మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. "మూత తియ్యకుండా ఎలా తిన్నావమ్మా" దగ్గర మా కోడలు పొయ్యి మీద చేపలు మాడ్చేసింది. ఏమీ అనలేదు, మాడినవే తిన్నాను. రుచిగా ఉన్నాయి.

సదాయె గారిని నువ్వు కాపాడిన పద్ధతికి నేను నీకు దణ్ణం పెడుతున్నాను. కినుకో చేతే ఇప్పించావు. నేనైతే ఆ నాలుగు మాటలూ చెప్పేటప్పుడే నవ్వేసి అంతా పాడుచేసేవాణ్ణి. చెప్పుల అర పక్కన పీల్చిన వాసన ఈ రోజుకి నా ముక్కులోంచి పోయింది.

ఇక నీకు వింతగా ఉన్నది. ఎలా చెప్పాలో తెలియక ఈ ఉత్తరం రెండు రోజులు వాయిదా వేశాను.

సబ్బులు నా దగ్గరున్నాయి. మంచి వాసన, మా మనవరాలు వాడుతోంది. కినుకో సంచీలో నేను నీ వంటింటి వెనక ముల్లంగి ఊరగాయ తొట్టి మీద, ముక్కలు పైకి తేలకుండా బరువుకి పెట్టిన రాయి పెట్టాను. శుభ్రంగా కడిగాను, అనుమానపడకు. పైన మంచి కాగితం చుట్టి, తెల్ల పట్టీ కట్టి, దాని మీద నా పేరు రాశాను. నా రాత ఎలా ఉంటుందో నీకు తెలుసు, కానీ పేరు చదవొచ్చు. నువ్వు నిద్రపోయాక చేశాను. ఆ ముడి మా మేస్త్రీ ముడి, కత్తెర లేకుండా విప్పడం ఎవరి తరం కాదు. ఆ రాయిని ఒళ్ళో పెట్టుకుని నగోయా దాకా రైల్లో వెళ్ళి ఉంటుంది. స్టేషను మెట్లెక్కి ఉంటుంది. బావగారికి ఇవ్వలేదని నువ్వు రాసినచోట నేను కింద పడి దొర్లాను.

ఆవిడ దాని గురించి ఎందుకు మాట్లాడలేదంటావా. ముచ్చటపడి రాయి మోసుకొచ్చానని ఎవరితో చెప్పుకుంటుంది? మొన్న నాకు కార్డు వచ్చింది. పేరున్న కానుక అందితే కృతజ్ఞతలు రాయకుండా ఉండలేదు కదా ఆవిడ, ఊరికంతటికీ పద్ధతులు చెప్పేది. పువ్వుల కార్డు, చక్కటి చేతిరాత. "తోకుజిరో గారికి, మీరు పంపిన బరువైన కానుక భద్రంగా చేరింది. మీ ఆదరానికి కృతజ్ఞతలు" అని. గోడకి అంటించాను. పొద్దున్నే టీ తాగుతూ చదువుకుంటున్నాను.

ఈపాటికి నీ తొట్టిలో ముల్లంగి పైకి తేలి పుల్లగా అయిపోయుంటుంది. ముందు నిన్ను అడగాల్సింది. అడిగితే వద్దనేదానివి, అందుకే అడగలేదు. మూత మీద ప్రస్తుతానికి బియ్యం డబ్బా పెట్టు. రాయి తీసింది నేనే.

మీ అన్న
తోకుజిరో